కారుకు తప్పనిసరి ఇన్సూరెన్స్: మీ పాలసీ ఎవరికి, ఎంతవరకు పనికొస్తుందో ఎలా తెలుసుకోవాలి?

కొన్నేళ్ల కిందట మా బాబాయ్ కోనసీమలో కాలువ గట్టు మీద వస్తూ, మలుపులో గడ్డిమోపు కట్టిన సైకిల్‌ను రాసుకుని కారుతో సహా కాలువలోకి దిగిపోయారు. సైకిల్ మీదున్న పెద్దాయనకు కాలు విరిగింది. కారు సీట్ల దాకా బురద. "ఇన్సూరెన్స్ ఉందిరా, టెన్షన్ లేదు" అన్నారు బాబాయ్ ఆ రాత్రి. పెద్దాయనకు కోర్టు వేసిన పరిహారం ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టింది. కారుకు మాత్రం రూపాయి రాలేదు. క్రేన్ కిరాయి నుంచి ఇంజిన్ పని దాకా అంతా సొంత డబ్బే. ఆయన కట్టింది థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి ఇచ్చే ఇన్సూరెన్స్, ఒక్కటే అని అప్పుడే తెలిసింది.

1. ముందు పాలసీ తెరవండి

మొదటి పేజీలో పాలసీ రకం చూడండి. "లయబిలిటీ ఓన్లీ" అని ఉంటే అది థర్డ్ పార్టీ మాత్రమే. "ప్యాకేజ్" లేదా "కాంప్రహెన్సివ్" అని ఉంటే మీ కారుకు జరిగే నష్టం కూడా అందులో ఉంటుంది.

తేదీలు రెండు వరుసల్లో ఉంటే రెండూ చదవండి. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలి. సొంత డ్యామేజీ భాగం మాత్రం చాలా పాలసీల్లో ఏడాదికే అయిపోతుంది. మూడేళ్లూ అన్నీ ఉన్నాయనుకునే వాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు.

2. ఎవరికి ఎంత?

1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ తప్పనిసరి చేసింది ఎదుటివాళ్ల కోసం ఉన్న ఇన్సూరెన్స్‌నే. మనిషి చనిపోయినా, గాయపడినా పరిహారానికి పైపరిమితి లేదు, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఎంత చెబితే అంత. అవతలివాళ్ల బండికో గోడకో జరిగిన నష్టానికైతే రూ. 7.5 లక్షల వరకు.

మీ కారు దొంగతనం, వరద నష్టం ఇందులో లేవు. లయబిలిటీ ఓన్లీ పాలసీ ఉన్న సొంత కారులో మీతో వచ్చే చుట్టాలకు కూడా రక్షణ ఉండదు. సంక్రాంతికి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరిగే మనకు ఇది చిన్న విషయం కాదు. కారు నడిపే యజమానికి రూ. 15 లక్షల ప్రమాద బీమా విడిగా ఉంటుంది. ఆ లైను పక్కన ప్రీమియం పడిందో లేదో చూడండి.

3. రేటు

థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, కాబట్టి ఏ కంపెనీలోనైనా ఒకటే. 2022 జూన్ రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి రూ. 2,094, 1500 సీసీ వరకు రూ. 3,416, ఆపైన రూ. 7,897, జీఎస్టీ అదనం. ఇది కూడా లేకుండా దొరికితే మొదటిసారి రూ. 2,000 జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ.

4. సెకండ్ హ్యాండ్ కారైతే

ఆర్‌సీ మార్చుకుని ఊరుకోకండి. కొన్న 14 రోజుల్లో పాలసీ కూడా మీ పేరుకు మార్చమని కంపెనీకి అర్జీ పెట్టండి.

పెళ్లిళ్ల సీజన్‌లో సొంత కారును కిరాయికి తిప్పడం మన దగ్గర మామూలే. అది పాలసీ షరతుకు విరుద్ధం. లైసెన్స్ లేని కుర్రాడికి తాళాలిచ్చినా అంతే. బాధితుడికి కట్టిన డబ్బును కంపెనీ తిరిగి మీ దగ్గరే వసూలు చేయొచ్చు.

5. ప్రమాదం జరిగితే

మొదట దెబ్బ తగిలినవాళ్లను ఆసుపత్రికి చేర్చండి. తర్వాత పోలీసులకు, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి. ఊళ్లో పెద్దమనుషుల ముందు "ఇంత ఇస్తాను" అని మాటిచ్చేయకండి. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా అలా ఒప్పుకోకూడదని పాలసీలోనే ఉంటుంది. ఆ కంగారులో చేసిన రాజీ వల్ల గాయపడిన మనిషికే అన్యాయం జరగొచ్చు, ఎందుకంటే ఆపరేషన్ ఖర్చు ఎంతవుతుందో ఆ రోజు ఎవరికీ తెలియదు.

6. డెల్టాలో ఉంటే ఇంకొకటి

కాలువ గట్ల మీద, లంక ఊళ్ల దగ్గర తిరిగేవాళ్లు కాంప్రహెన్సివ్‌కు ఇంజిన్ ప్రొటెక్షన్ (నీళ్ల వల్ల ఇంజిన్ పాడైతే పనికొచ్చే అదనపు కవర్) కూడా కలుపుకోండి. గోదావరి వరద ఎక్కువగా వచ్చేది జులై, ఆగస్టుల్లో కాబట్టి జూన్‌కే ఆ పని ముగించండి. నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయకండి. నీళ్లు లాగేసి ఇంజిన్ పోతే మామూలు పాలసీలో ఆ ఖర్చు రాదు. అలాగే వదిలేసి కంపెనీకి ఫోన్ చేయండి, బండిని తోయించి బయటికి తీయించండి.