టారంటులాలకు కేంద్ర పోర్టల్ పరివేష్‌లో రిజిస్ట్రేషన్: దరఖాస్తుకు ముందే ఫొటోలు సిద్ధం చేసుకోండి

ఒక్క టారంటులాతో, అంటే ఒంటినిండా నూగుండే పెద్ద సాలీడుతో, మొదలుపెట్టినవారి అల్మారాలో రెండేళ్లు తిరిగేసరికి పది పెట్టెలు చేరతాయి. అరవవు, వాసన రావు, వారానికో పురుగు వేస్తే చాలు. ఇరుగుపొరుగుకు కూడా తెలియకుండా పెరిగే ప్రాణులు కావడం వల్లే కాగితాల సంగతి వెనకబడుతుంది. కానీ ఆ పెట్టెల్లో కొన్నింటికి మన దేశంలో ప్రభుత్వ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటీస్ జాబితాలోని జీవులను చట్టంలోని నాలుగో షెడ్యూలులో చేర్చారు. వాటిని బతికున్నవిగా ఉంచుకునేవారు 49-ఎం సెక్షన్ కింద నమోదు చేసుకోవాలి. ఎలా చేసుకోవాలో చెప్పే నిబంధనలు 2024 ఫిబ్రవరి 28న వచ్చాయి. అప్పటికే ప్రాణులు ఉన్నవారికి ఆరు నెలల గడువు ఇచ్చారు, అది ముగిసింది. ఆ తర్వాత తెచ్చుకున్నవాటికి, చేతికొచ్చిన 30 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు.

మీ పెట్టెలో ఉన్నది ఏ జాతి?

దరఖాస్తులో కష్టమంతా ఇక్కడే ఉంది. అన్ని టారంటులాలూ సైటీస్‌లో లేవు. మనవారు ఎక్కువగా పెంచేవాటిలో మెక్సికో ఎర్రమోకాళ్ల సాలీడు ఉండే బ్రాకిపెల్మా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) అంతా సైటీస్ రెండో అనుబంధంలో ఉంది. చెట్లపై ఉండే పెసిలోథేరియా ప్రజాతిని 2019లో జెనీవా సమావేశంలో చేర్చారు. జాబితా మారుతూ ఉంటుంది కాబట్టి, సైటీస్ వెబ్‌సైటులో శాస్త్రీయ నామంతో వెతికి, దరఖాస్తు రోజున మళ్లీ ఒకసారి సరిచూసుకోండి.

అమ్మినవారు డబ్బా మీద రాసిన పేరును మాత్రం గుడ్డిగా నమ్మకండి. కర్లీ హెయిర్ అని పిలిచే సాలీడు చాలా కాలం బ్రాకిపెల్మా ఆల్బోపైలోసమ్‌గా ఉండి, ఇప్పుడు ట్లిల్టోకాట్ల్ ఆల్బోపైలోసస్ అయింది. పేరు మారినా సైటీస్ నుంచి బయటపడలేదు. బ్రాకిపెల్మా స్మితీ పేరుతో దశాబ్దాలపాటు అమ్ముడైనవాటిలో చాలా వరకు బ్రాకిపెల్మా హామోరీ అనే మరో జాతి అని 2017 నాటి పరిశోధన తేల్చింది. పాత బిల్లులో ఒక పేరు, దరఖాస్తులో మరో పేరు ఉంటే అధికారికి అనుమానం వస్తుంది. అందుకే పాత పేరునూ కొత్త పేరునూ కలిపి, ఎందుకు మారిందో రెండు వాక్యాల వివరణ జతచేయడం మంచిది.

ఫొటోలు ఎందుకు?

కుక్కకు చిప్ పెట్టవచ్చు, చిలుక కాలికి రింగు తొడగవచ్చు. సాలీడుకు అలాంటి గుర్తేదీ పెట్టలేం. పైగా కుబుసం విడిచిన ప్రతిసారీ దాని రూపం మారుతుంది. గోరంత పిల్లను చూసి అరచేయంత పెద్దదాన్ని ఊహించడం అనుభవజ్ఞులకూ కష్టమే. కాబట్టి తేదీతో ఉన్న ఫొటోల వరుసే మీ ప్రాణికి గుర్తింపు కార్డు. నా దగ్గర ప్రతి పెట్టెకూ ఒక నంబరు, ఆ నంబరుతో ఫోనులో ఒక ఫోల్డరు ఉన్నాయి. కుబుసం విడిచి పది రోజులయ్యాక, రంగులు తేటగా ఉన్నప్పుడు, ఫొటోలు తీసి అందులో వేస్తాను.

మూడు కోణాలు చాలు. పైనుంచి మొత్తం శరీరం, పక్కన మిల్లీమీటర్ల స్కేలు ఉండాలి. ముందునుంచి ముఖం, కోరల మొదళ్ల మీది చారలు కనబడాలి. మూడోది కింది భాగం. పెసిలోథేరియా జాతులను వేరుచేయడానికి ముందుకాళ్ల అడుగున ఉండే నలుపు, పసుపు పట్టీలే ఆధారం. సాలీడు పెట్టె అద్దానికి అతుక్కుని కూర్చున్నప్పుడు బయటినుంచే తీసేయవచ్చు, పెట్టె తెరవనక్కర్లేదు. తెరవకపోవడమే క్షేమం కూడా, ఎందుకంటే ఈ ప్రజాతి మెరుపులా పరుగెత్తుతుంది, కాటు వేస్తే కండరాలు పట్టేసే నొప్పి రోజుల తరబడి వేధించవచ్చు. బ్రాకిపెల్మాలు నెమ్మదివే అయినా, బెదిరితే వెనకకాళ్లతో పొట్టమీది నూగును విసురుతాయి. అది కంట్లో పడితే వైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. లెన్సును ముఖం దగ్గర పెట్టుకుని తొంగిచూసేవారు కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఫ్లాష్‌ను నేరుగా కొట్టకుండా పలచటి తెల్ల కాగితం అడ్డుపెడితే వెంట్రుకల అసలు రంగు వస్తుంది. మంచి ఫొటో కోసం చేతిమీద ఎక్కించుకోవద్దు. అడుగు ఎత్తునుంచి పడినా పొట్ట పగిలి చనిపోగలదు.

విడిచిన కుబుసాన్నీ పారేయకండి. నీటిలో నానబెట్టి విప్పితే, లోపలి నిర్మాణాన్ని బట్టి ఆడో మగో తెలుస్తుంది. ఆ ఫొటో కూడా ఫోల్డరులో ఉండాలి.

దరఖాస్తు చేయడం

దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ నడిపే పరివేష్ 2.0 పోర్టల్‌లోనే చేయాలి. ఖాతా తెరిచి, వన్యప్రాణుల విభాగంలో జీవించి ఉన్న జంతుజాతుల నమోదు ఫారం ఎంచుకోండి. మీ చిరునామా, ప్రాణి శాస్త్రీయ నామం, సంఖ్య, ఎలా చేతికొచ్చింది, ఎక్కడ ఉంచారు వంటి వివరాలు దగ్గర పెట్టుకుని కూర్చోండి. రుసుము 1,000 రూపాయలు, తిరిగి ఇవ్వరు. దరఖాస్తు మీ రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పరిశీలనకు వెళ్తుంది. తనిఖీకి ఎవరైనా వస్తే పెట్టె నంబర్లు, ఫొటో ఫోల్డర్లు, బిల్లులు ఒకే వరుసలో ఉండేలా చూసుకోండి. తమ దగ్గర విదేశీ ప్రాణులున్నాయని స్వచ్ఛందంగా ప్రకటించేందుకు 2020లో కేంద్రం ఇచ్చిన అవకాశాన్ని వాడుకున్నవారు ఆ పత్రాన్ని తప్పక జతచేయాలి. అప్పటికే ఆ ప్రాణి మీ దగ్గర ఉందనడానికి అంతకన్నా గట్టి రుజువు లేదు.

గడువు దాటినవారు భయంతో కొన్న తేదీని మార్చి రాయకండి. ఫొటో ఫైలులోనే అసలు తేదీ దాగి ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు రాసి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కార్యాలయానికి లిఖితపూర్వకంగా తెలియజేసి, వారు చెప్పినట్టు చేయడమే సరైన దారి.

విదేశం నుంచి పోస్టులో తెప్పించుకున్నవాటిని ఈ ఫారం సక్రమం చేయదు. దిగుమతికి వేరే అనుమతులు ఉన్నాయి. 2021 జులైలో పోలాండ్ నుంచి వచ్చిన పార్సెల్‌లో, వెండి రేకు, దూదిలో చుట్టిన చిన్న సీసాల్లో 107 బతికున్న సాలీళ్లు చెన్నై కస్టమ్స్ వారికి దొరికాయి.

అడవినుంచి పట్టి తెచ్చినవాటికీ ఇది రక్షణ కాదు. ఈ మాట మన దగ్గర మరీ గట్టిగా చెప్పాలి. ప్రపంచమంతా మోజుపడే నీలి సాలీడు, పెసిలోథేరియా మెటాలికా, మనదే. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికినదాన్ని బట్టి 1899లో దానికి పేరు పెట్టారు. శతాబ్దం తర్వాత నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. దాని ఇల్లు వంద చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు, తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల్లో అది ఒకటి. ఆ చెట్టు తొర్రల దగ్గరికి ఎవరూ పట్టకారుతో వెళ్లకూడదు.

సర్టిఫికెట్ వచ్చాక కూడా పిల్లలు పుడితే, చేతులు మారితే తెలియజేయాలి. ఒక్క గుడ్ల సంచిలోంచే వందల పిల్లలు వస్తాయి కాబట్టి జత కట్టించేముందు ఆ లెక్క ఆలోచించుకోండి. ఎదిగిన మగదాన్ని జత కోసం స్నేహితుడి ఇంటికి పంపడం మన పెంపకందారుల్లో మామూలే. అలా ఇచ్చినప్పుడు కూడా బదిలీ వివరాలు పోర్టల్‌లో నమోదు చేసి, పంపిన రోజు ఫొటో ఇద్దరి దగ్గరా ఉంచుకోండి.