విమానం లెక్కలు – 3వ పాఠం: గాలి ఎంత కలుపుతుంది, ఎంత తీసేస్తుంది

క్రితం పాఠంలో రెండు వేగాలను విడదీసి చూశాం. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం పోయే వేగం ఒకటి, కింద నేలతో పోలిస్తే పోయే వేగం ఇంకొకటి. మొదటిదాన్ని గాలిలో వేగం అనీ, రెండోదాన్ని నేలవేగం అనీ అనుకున్నాం. ఈసారి ఒకటి తెలిస్తే రెండోది ఎలా కట్టాలో నేర్చుకుందాం. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి. చదువుతూ పోతే రాదు, చేతితో వేస్తేనే వస్తుంది.

ముందు ఒక పొరపాటు సరిచేసుకోవాలి. ఎదురుగాలి అనగానే మనకు సైకిల్ గుర్తొస్తుంది. తొక్కలేక ఆయాసపడతాం కదా, విమానం కూడా అలాగే కష్టపడుతుందని అనుకుంటాం. అలా జరగదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కాఫీ అమ్మే అతన్ని తలచుకోండి. రైలు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అతను ఇంజను వైపు 4 కిలోమీటర్ల వేగంతో నడుస్తున్నాడు. పట్టాలతో పోలిస్తే అతని వేగం 104. వెనక్కి తిరిగి నడిస్తే 96. రెండువైపులా అతని కాళ్లకు పడే శ్రమ ఒక్కటే, చేతిలో కాఫీ కూడా ఒలకదు. విమానానికి ఆ రైలు పెట్టె లాంటిది గాలి. విమానం ఉన్న గాలి మొత్తం కదులుతుంటే దాంతోపాటు విమానమూ కదులుతుంది. లెక్క అంతా ఇక్కడి నుంచే పుడుతుంది.

నేలవేగం = గాలిలో వేగం + వెనుకగాలి. ఎదురుగాలి అయితే తీసెయ్యాలి.

ఒకసారి డిసెంబరులో అట్లాంటిక్ మీదుగా ఇండియా వస్తూ సీటు ముందు స్క్రీన్‌లో కనిపించినవి రాసుకున్నాను. ఎత్తు 37,000 అడుగులు, బయట మైనస్ 54 డిగ్రీలు, గ్రౌండ్ స్పీడ్ (నేలవేగం) గంటకు 1,046 కిలోమీటర్లు, టెయిల్ విండ్ (వెనుకగాలి) 143. తీసేస్తే 903. అదే గాలిలో వేగం. పెద్ద విమానాలు మామూలుగా పోయేది దాదాపు ఆ వేగంతోనే. ఈసారి ప్రయాణంలో మీరూ ఈ తీసివేత చేసి చూడండి. నేలవేగం ఎంత మారినా, ఎత్తులో నిలకడగా పోతున్నంతసేపు జవాబు పెద్దగా మారదు. అది గమనించినప్పుడు కలిగే సంతోషం వేరు.

ఇంత గాలి ఎక్కడిది? భూమధ్యరేఖ వైపు వేడికీ ధ్రువాల వైపు చలికీ ఉన్న తేడా వల్లా, భూమి తిరగడం వల్లా 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు గాలి నదిలా పారుతుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో ఆ తేడా పెరుగుతుంది కాబట్టి గాలి జోరూ పెరుగుతుంది. జపాన్‌లో వసాబురో ఓయిషి 1920లలోనే బెలూన్లు ఎగరేసి దీన్ని కొలిచారు. అయితే మన దక్షిణాదిన వానాకాలంలో ఇంకా పైన, ఎదురు దిక్కులో, తూర్పు నుంచి పడమరకు ఒక జెట్ వీస్తుంది. దాని గురించి 1958లో వివరంగా రాసింది భారత వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. ఈ పేరు మన పిల్లలకు తెలియాలని నాకు గట్టిగా ఉంటుంది.

ఇప్పుడు అసలు లెక్క. న్యూయార్క్–లండన్ దూరం 5,550 కిలోమీటర్లు అనుకుందాం. గాలిలో వేగం 900, పడమటి గాలి 150. తూర్పుకు పోయేటప్పుడు 5,550ని 1,050తో భాగిస్తే 5 గంటల 17 నిమిషాలు. తిరిగి వచ్చేటప్పుడు 750తో భాగిస్తే 7 గంటల 24 నిమిషాలు. మొత్తం 12 గంటల 41 నిమిషాలు. గాలే లేకపోతే 12 గంటల 20 నిమిషాలు చాలు. పోయేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోతుంది, చెల్లుకు చెల్లు అనుకుంటాం గానీ 21 నిమిషాలు నష్టమే. ఎందుకంటే ఎదురుగాలిలో మనం గడిపే సమయం ఎక్కువ. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, గాలి 250 అయితే ఆ నష్టం ఎంతవుతుందో కట్టి చూడండి.

గాలి ఏటవాలుగా వీస్తే? మన దారికీ గాలికీ మధ్య కోణం 30 డిగ్రీలైతే గాలిలో 87 శాతం, 45 అయితే 71 శాతం, 60 అయితే సగం లెక్కలోకి తీసుకోండి. సరిగ్గా అడ్డంగా వీచినా విమానం ముక్కు కొంచెం గాలి వైపు తిప్పి పోవాలి కాబట్టి కాస్త నష్టం ఉంటుంది. 900కి 150 అడ్డగాలి అయితే నేలవేగం 887.

మనవాళ్లు చాలామంది ఎక్కిన దారితో ముగిద్దాం. ఎయిర్ ఇండియా 2016 అక్టోబరులో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకు, అంటే పడమరకు బదులు తూర్పుకు పోయేలా మార్చింది. దూరం దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి సుమారు 15,300 అయింది. అయినా ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గి సుమారు 14 గంటల 30 నిమిషాలకు వచ్చింది. 15,300ని 14.5తో భాగిస్తే సగటు నేలవేగం 1,055. అందులో 900 తీసేస్తే దారి పొడవునా సగటున 155 వెనుకగాలి తోడున్నట్టు. గాలి కొలిచే పరికరం లేకుండానే, దూరం, సమయం చూసి గాలిని పట్టుకున్నాం. విమానం నెమ్మదిగా పోతూ పైకి లేచే, కిందికి దిగే సమయం కూడా లెక్కలో ఉంది కాబట్టి, పైన వీచిన గాలి ఇంకొంచెం ఎక్కువే అయ్యుండాలి.

ఇంటిపని: 2020 ఫిబ్రవరిలో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. దారిలో దాని నేలవేగం గంటకు 1,327 కిలోమీటర్ల దాకా వెళ్లింది. సముద్రమట్టం దగ్గర ధ్వని వేగం సుమారు 1,225. మరి ఆ విమానం ధ్వనిని దాటినట్టేనా? గాలిలో వేగం 910 అనుకుని, ఆ సమయంలో వెనుకగాలి ఎంతో ముందు కట్టండి. ఆ తర్వాత జవాబు రాయండి. 4వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.