శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర కమ్యూనిటీ రేడియో పెట్టాలంటే

ముందు ట్రాన్స్‌మిటర్ రేట్లు వెతకడం ఆపండి. లైసెన్సు మనుషుల పేరు మీద రాదు. కనీసం మూడేళ్ల నుంచి పనిచేస్తున్న రిజిస్టర్డ్ సొసైటీయో ట్రస్టో ఉండాలి, కాలేజీలూ పెట్టుకోవచ్చు, పార్టీలకు మాత్రం లేదు. అలాంటి సంస్థ లేకపోతే ఉన్నవాళ్లతో కలవండి. పారిస్‌లో యూదుల రేడియోలు నాలుగు చాలాకాలం 94.8 అనే ఒకే ఫ్రీక్వెన్సీని గంటల చొప్పున పంచుకుని నడిచాయి, మనకి రెండు సంఘాలు ఒక స్టూడియోలో కూర్చోవడానికే గొడవ!

అప్లికేషన్ కేంద్ర సమాచార ప్రసార శాఖకి ఆన్‌లైన్లో పెట్టాలి. ఫ్రీక్వెన్సీ అనుమతి వేరే, దానికి ఓపిక కావాలి. పవర్ మామూలుగా 100 వాట్లు, అంటే చుట్టూ పది కిలోమీటర్లు అనుకోండి, టెక్కలి దాకా వినిపించాలని ఆశపడొద్దు. సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణివి ఉన్నదున్నట్టు వెయ్యాలి.

అసలు కష్టం కార్యక్రమాలది. సగమైనా స్థానికంగా తయారవ్వాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, మత్స్యకారులు ఒడ్డునే దొరుకుతారు, రికార్డర్ పట్టుకుని అప్పుడే వెళ్లండి. మందస కొండల వైపు సవర పెద్దవాళ్లని సవరలోనే మాట్లాడించండి, మధ్యలో తెలుగు చెయ్యకండి, విసుగొస్తుంది. 2018 తిత్లీ తుఫానుకి ఉద్దానంలో కరెంటు ఎన్ని రోజులు లేదో గుర్తుందిగా, అందుకని మంచి మైకు కంటే ముందు జనరేటర్ కొనండి.