పాత ఆంప్లిఫయర్‌ను మనమే బాగుచేసుకుందాం – 3వ పాఠం: రిలే టిక్కుమనకపోతే ఎక్కడ వెతకాలి

పోయిన పాఠంలో మూత తీసి, దుమ్ము దులిపి, కంటికి కనిపించేవన్నీ చూశాం. ఉబ్బిన కెపాసిటర్లు, నల్లబడ్డ రెసిస్టర్లు, బోర్డు మీద ముదురు గోధుమ రంగుకి మారిన జిగురు, అన్నీ కాగితం మీద రాసుకున్నారు కదా. ఈసారి కరెంటు ఇస్తాం. అందుకే ముందే చెబుతున్నాను, స్పీకర్ వైర్లు రెండు వైపులా పీకేసి పక్కన పెట్టండి, ఈ పాఠం పూర్తయ్యేదాకా వాటితో పని లేదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో లెక్కలో చూడండి. 1970, 80ల నాటి జపాన్ ఇంటిగ్రేటెడ్ ఆంప్‌లలో చానల్‌కి 70 వాట్ల దరిదాపుల్లో ఇచ్చేవి తీసుకుంటే లోపలి సప్లై సుమారుగా ప్లస్ 40, మైనస్ 40 వోల్టులు. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒకటి షార్ట్ అయిందంటే ఆ 40 వోల్టుల డీసీ నేరుగా స్పీకర్ మీదికి వస్తుంది. 8 ఓంల స్పీకర్ అని పేరే గానీ మీటర్‌తో కొలిస్తే వాయిస్ కాయిల్ ఆరు ఓంలే చూపిస్తుంది, అంటే 260 వాట్ల పైన వేడి ఆ సన్నని తీగచుట్టలో పుడుతుంది. ట్వీటర్‌కి (సన్నని శబ్దాలు పలికేది) ముందు కెపాసిటర్ ఉంటుంది కాబట్టి అది తప్పించుకుంటుంది, ఊఫర్ (బరువైన శబ్దాలు పలికేది) మాడిపోతుంది. ఆంప్‌కి ట్రాన్సిస్టర్ సంపాదించడం కన్నా పాత మంచి స్పీకర్‌కి అదే ఊఫర్ మళ్లీ సంపాదించడం చాలా కష్టం. స్విచ్ వేసిన మూడు నాలుగు సెకన్లకి లోపల 'టిక్' అంటుందే, ఆ రిలే, అంటే స్పీకర్‌ని ఆంప్‌కి తనంతట తానే కలిపే, విడదీసే స్విచ్, ఉన్నది ఈ ప్రమాదం ఆపడానికే. అది టిక్కుమనలేదంటే దాన్ని తిట్టుకోకండి. రిలేని బైపాస్ చేసి వైరు వేసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, ఆ మాట మాత్రం ఎప్పుడూ వినకండి.

ఈ పాఠానికి మన కేసు ఇదే: స్విచ్ వేస్తే ముందు ప్యానెల్ లైట్లు వెలుగుతున్నాయి, రిలే టిక్కుమనడం లేదు, పాట రావడం లేదు.

మొదట వెనక ప్యానెల్ మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చదవండి. అమెరికా నుంచి తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకున్నవి 120 వోల్టులవి, జపాన్‌లో అమ్మకానికి చేసినవి 100 వోల్టులవి. గల్ఫ్ నుంచి వచ్చిన సెట్లలో చాలావాటికి వోల్టేజ్ మార్చే సెలెక్టర్ ఉంటుంది, అది ఇప్పుడు ఏ అంకె మీద ఉందో కూడా చూడండి. 120 వోల్టుల ఆంప్‌ని మన 230 వోల్టుల సాకెట్లో పెట్టి ఉంటే ఫ్యూజు పోయి ఊరుకుని ఉండొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలోపల దాచిన థర్మల్ ఫ్యూజు కూడా పోయి ఉండొచ్చు. సాకెట్లో పెట్టకుండానే పవర్ స్విచ్ ఆన్‌లో ఉంచి ప్లగ్ రెండు పిన్నుల మధ్య ఓంలు కొలవండి. కొన్ని ఓంలు చూపిస్తే చుట్ట బతికే ఉన్నట్టు. అసలు ఏమీ చూపించకపోతే ముందు ఫ్యూజు సంగతి తేల్చుకోవాలి. పోయిన ఫ్యూజు స్థానంలో ఎక్కువ ఆంపియర్లది వేయొద్దు, వైరు ముక్క అసలే వద్దు.

ఇక సిరీస్ బోర్డు. మన ఎలక్ట్రీషియన్లకి బాగా తెలిసిన పద్ధతే: ఫేజ్ వైరులో ఒక హోల్డర్, అందులో 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు, దాని తర్వాత ఆంప్ సాకెట్. ఎల్‌ఈడీ బల్బు పెడితే పని జరగదు, ఎందుకంటే మనకి కావలసింది టంగ్‌స్టన్ తీగ గుణం. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం చాలా తక్కువ, వేడెక్కితే పది రెట్ల పైన పెరుగుతుంది. లోపల షార్ట్ ఉంటే ఆ కరెంటు బల్బు మీద వెలుగుగా ఖర్చయిపోతుంది, మీ ఆంప్ కాలిపోదు. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి మెరిసి, పెద్ద కెపాసిటర్లు నిండాక మసకబారాలి. వెలుగు తగ్గకుండా అలాగే ఉంటే వెంటనే ఆపేయండి, లోపల షార్ట్ ఉన్నట్టే. క్లాస్ ఏ ఆంప్‌లు మాత్రం ఊరికే ఉన్నప్పుడు కూడా చాలా కరెంటు తాగుతాయి, వాటిలో బల్బు వెలుగుతూ ఉండడం సహజం, ఆ లెక్క వేరే. ఇంకో విషయం, బల్బు మీద నడుస్తున్నప్పుడు ఆంప్‌కి పూర్తి వోల్టేజ్ అందదు, ఆ కారణంగా కూడా రిలే టిక్కుమనకపోవచ్చు, దాన్ని చూసి నిర్ణయానికి రావొద్దు.

బల్బు మసకబారిందా? మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి నల్ల ప్రోబ్‌ని క్లిప్‌తో గ్రౌండ్‌కి తగిలించండి, ఎర్ర ప్రోబ్‌ ఒక్క చేత్తో పట్టుకోండి, రెండో చెయ్యి దూరంగా ఉంచండి. స్పీకర్ టెర్మినళ్ల దగ్గర కొలిస్తే మీకు సున్నానే కనిపిస్తుంది, రిలే తెరిచి ఉంది కదా. రిలేకి ఇవతల, అంటే ఆంప్ బోర్డు నుంచి వైరు వచ్చి చేరే కాలు దగ్గర, ఎడమ కుడి రెండూ కొలవండి. దీన్నే డీసీ ఆఫ్‌సెట్ అంటారు. 30 మిల్లీవోల్టుల లోపు ఉంటే చాలా బాగున్నట్టు, 50 దాకా ఫర్వాలేదు, 100 దాటితే కారణం వెతకాలి. స్విచ్ వేసిన కొత్తలో కొంచెం ఎక్కువ చూపించి పది నిమిషాల్లో కుదురుకుంటుంది, కంగారు పడకండి.

ఇక్కడ మూడు దారులు. ఒక చానల్ మామూలుగా ఉండి రెండోది సప్లై వోల్టేజ్ దాకా ఎక్కేసి ఉంటే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయినట్టు దాదాపు ఖాయం. ఒకటి రెండు వోల్టుల దగ్గర ఊగుతూ ఉంటే ఇన్‌పుట్ వైపున్న డిఫరెన్షియల్ జంటనో (జతగా పనిచేసే రెండు ట్రాన్సిస్టర్లు), అరిగిన ట్రిమ్మర్‌నో (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేసే చిన్న రెసిస్టర్), నేను పైన చెప్పిన ఆ జిగురునో అనుమానించండి. ఆ జిగురు పాతబడితే కరెంటుని పారనిస్తుంది, కాంపోనెంట్ల కాళ్లని తినేస్తుంది, గీకి తీసేయాల్సిందే. రెండు చానళ్లూ మిల్లీవోల్టుల్లోనే ఉండి, బల్బు తీసి పూర్తి వోల్టేజ్ ఇచ్చినా రిలే టిక్కుమనకపోతే ఆంప్ బాగానే ఉంది, రిలేని నడిపే కాపలా సర్క్యూటే పాడైంది. యూపీసీ1237 లాంటి ప్రొటెక్షన్ ఐసీ పక్కన ఒకటి రెండు చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటాయి, ముందు వాటిని మార్చి చూడండి, పది రూపాయల పనితో తేలిపోవచ్చు.

మొదటి దారే మీదైతే ప్లగ్ పీకేయండి. పీకినా 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్లలో చార్జ్ ఉండిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్పుమనిపించే అలవాటు చాలామందికి ఉంది, దానివల్ల కెపాసిటర్ దెబ్బతింటుంది, బోర్డు ట్రాక్ లేచిపోతుంది, కళ్లకీ ప్రమాదం. 470 ఓంలు, 10 వాట్ల రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు తగిలించి ప్లస్ సప్లై నుంచి గ్రౌండ్‌కి అరనిమిషం, మైనస్ నుంచి గ్రౌండ్‌కి ఇంకో అరనిమిషం పట్టండి. తర్వాత మీటర్‌తో కొలిచి వోల్టు లోపుకి వచ్చిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

ఇప్పుడు మీటర్ డయోడ్ మోడ్‌లో. ట్రాన్సిస్టర్ మూడు కాళ్ల పేర్లు బేస్, కలెక్టర్, ఎమిటర్. పోయిన చానల్ ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల కలెక్టర్, ఎమిటర్ మధ్య రెండు వైపులా తిప్పి కొలవండి, ఎటు పెట్టినా సున్నా చూపించేది షార్ట్ అయినట్టు. బేస్, ఎమిటర్ మధ్య ఒక వైపు అర వోల్టు పైన రావాలి. బోర్డు మీద ఉండగా కొలిస్తే పక్కనున్న రెసిస్టర్లు కలిసి అంకె మారుతుంది, అక్కడే అందరూ తికమకపడతారు. అప్పుడు బాగున్న చానల్లో అదే చోట కొలిచి రెండూ పోల్చండి. స్టీరియోలో మనకున్న అదృష్టమే ఇది. సర్వీస్ మాన్యువల్ దొరకకపోయినా ఏ పాయింట్ దగ్గర ఎంత రావాలో పక్క చానలే చెబుతుంది. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, 0.22 లేదా 0.33 ఓంల తెల్ల ఎమిటర్ రెసిస్టర్లు, చిన్న డయోడ్లు, బేస్ దగ్గరి రెసిస్టర్లు ఏదీ వదలకుండా ఇలాగే పోల్చుకుంటూ పోండి. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒంటరిగా పోవడం అరుదు. డ్రైవర్‌ని చూడకుండా కొత్త ట్రాన్సిస్టర్ వేసి స్విచ్ వేస్తే అది కూడా క్షణంలో పోతుంది.

ట్రాన్సిస్టర్లు కొనడానికి కోఠీ గుజరాతీ గల్లీకి ఇప్పుడే పరిగెత్తకండి. 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 లాంటి జంటలకి నకిలీలు విపరీతంగా తిరుగుతున్నాయి, వాటిని ఎలా పట్టుకోవాలో, మైకా ముక్క, పేస్టు ఎలా వేయాలో, తర్వాత బయాస్ (పాట లేనప్పుడు ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు) ఎలా సెట్ చేయాలో వచ్చే పాఠంలో చేద్దాం. అప్పటిదాకా బయాస్ ట్రిమ్మర్ జోలికి వెళ్లొద్దు. ఈలోపు ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఎడమ చానల్ అంకెలు ఒక వైపు, కుడి చానల్ అంకెలు ఇంకో వైపు, ట్రాన్సిస్టర్ మీద అచ్చయిన నంబరుతో సహా రాసి పెట్టుకోండి.