అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పేది ఐ-94, వీసా కాదు

వీసా స్టాంపు పదేళ్లకు ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఇప్పటికీ చాలామంది. ఆ స్టాంపు ఎయిర్‌పోర్టు దాకా వెళ్లడానికే. లోపలికి పంపాలా వద్దా, పంపితే ఎప్పటిదాకా అన్నది అక్కడి సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ విభాగం) ఆఫీసర్ చేతిలో ఉంటుంది, ఆ తేదీ ఐ-94 అనే రాకపోకల రికార్డులోకి ఎక్కుతుంది.

అందుకే దిగిన వెంటనే సీబీపీ వెబ్‌సైట్‌లో ఐ-94 తీసి పేరు, కేటగిరీ, ముఖ్యంగా తేదీ చూసుకోండి. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) వాళ్లు మరీ జాగ్రత్త: పాస్‌పోర్టు గడువు ముందే ముగిసేలా ఉంటే ఐ-94ని కూడా ఆ తేదీకే కుదించవచ్చు, హెచ్-1బీ ఆమోద పత్రం ఐ-797లో ఇంకా ఏడాది కనిపిస్తోందని ధీమాగా ఉండి దెబ్బతినేది ఇక్కడే. ఇలా జరిగితే పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకుని, ఐ-94 తేదీలోపే లాయర్‌తో మాట్లాడండి. ఆఫీసర్ పొరపాటైతే సీబీపీ వాళ్ల డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో సరిచేస్తారు.

టూరిస్టుగా వచ్చిన అమ్మానాన్నలకు మామూలుగా 6 నెలలు ఇస్తారు. ఇంకా ఉండాలంటే గడువు దాటకముందే ఐ-539 ఫారం వేయండి, దయచేసి చివరి వారం దాకా ఆగకండి. గడువు తర్వాత అనుమతి లేకుండా 180 రోజులకు మించి ఉండి వెళ్తే 3 ఏళ్లు, ఏడాది ఉంటే 10 ఏళ్లు మళ్లీ రానివ్వరు, ఇది 1996 చట్టం. మనవడి పుట్టినరోజు చూసి వెళ్దామని గడువు దాటి నాలుగు రోజులు ఆగినా ఆ వీసా చెల్లకుండా పోతుంది.