ఈనియడ్‌లో ఇరుక్కుపోతే గణవిభజన దారి చూపింది

లాటిన్ వ్యాకరణం పూర్తిచేసి, రోమన్ కవి వర్జిల్ రాసిన లాటిన్ మహాకావ్యం 'ఈనియడ్' తెరిచాను. మొత్తం 12 సర్గలు, దాదాపు 9,900 పాదాలు. నేను మాత్రం నాలుగో పాదం దగ్గరే ఆగిపోయాను: "సైవై మెమొరెమ్ యూనోనిస్ ఒబ్ ఈరమ్." ప్రతి పదం తెలుసు, అర్థం మాత్రం కుదరదు. ఒకటే టెన్షన్.

పదాలను వచ్చిన వరసలోనే అనువదించడం నా తప్పు. బళ్లో పద్యాలకు చేసినట్టు అన్వయం రాశాను. సైవై, యూనోనిస్ రెండూ షష్ఠి. మెమొరెమ్, ఈరమ్ రెండూ ద్వితీయ. 'ఒబ్' అంటే వల్ల. "క్రూరురాలైన యూనో (రోమన్ దేవత) మరవని కోపం వల్ల." రెండు జంటలు జడలా అల్లుకున్నాయి, ఎంత అందమో!

ఆ తర్వాత గురులఘువులు గుర్తించడం మొదలుపెట్టాను. పాదానికి ఆరు గణాలు. మొదటి ఐదూ మన భగణమో, రెండు గురువులో. ఐదోది దాదాపు ఎప్పుడూ భగణమే కాబట్టి చివరి నుంచి వెనక్కి వస్తే తేలిక. అసలు లాభం వేరే ఉంది. మొదటి తరగతి (ఫస్ట్ డిక్లెన్షన్) నామాల్లో చివరి 'అ' హ్రస్వమైతే ప్రథమ, దీర్ఘమైతే 'చేత, నుంచి' అనే విభక్తి. అచ్చయిన పుస్తకంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఛందస్సే తేడా చెబుతుంది.

ఇప్పుడు రోజూ పది పాదాలు, ముందు పైకి చదివి, తర్వాతే నిఘంటువు.