వట సావిత్రికి దారం చుట్టేటప్పుడు

జ్యేష్ఠ పౌర్ణమికి వట సావిత్రి వ్రతం చేసుకునేవారికి ఒక మాట. మర్రిచెట్టుకు నూలు దారమే చుట్టండి, పసుపు రాసి ఆరబెట్టుకుంటే చాలు. మెరిసే నైలాన్ దారం వద్దు. అది కుళ్లదు, చెట్టు లావెక్కేకొద్దీ బెరడులోకి కోసుకుపోతుంది. మా వీధి చివరి చెట్టుకు ఒక లేత ఊడ మీద అలాంటి గాడి చూసి ప్రాణం ఉసూరుమంది. నూలుదైనా వదులుగానే చుట్టండి. దీపం, కర్పూరం మొదలుకు ఆనించకుండా మూరెడు దూరంలో పళ్లెంలో వెలిగించండి. కొమ్మ విరిచి ఇంటికి తేవడం మాత్రం అసలు వద్దు. దగ్గర్లో చెట్టు లేకపోతే కుండీలో చిన్న మర్రి మొక్క చాలు. ఉపవాసం కదా, ఎండెక్కకముందే ప్రదక్షిణలు ముగించుకోండి. వచ్చేముందు చెంబెడు నీళ్లు చెట్టు మొదట్లో పోయండి.